మైకమ్మ నొక్కిన ఇరవై మూడు

మా నీళ్ల కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. మైకమ్మ అంటే మైకమ్మే. కంట్రోలు గదిలో ఏ మీట నొక్కాల్సి వచ్చినా ముందు ఆ నంబరు పైకి చదివేది. వరండా చివర కుర్చీలో కునికే కాపలాదారు కూడా ఉలిక్కిపడి లేచేంత గట్టిగా చదివేది. ఆ తర్వాతే వేలు కదిలేది. నేను తయారుచేసిన పదిహేడుమంది ఆపరేటర్లలో ఆమె పదమూడో మనిషి. పదో తరగతి తప్పి, రోజుకూలీగా మీటర్ల రీడింగులు రాయడానికి వచ్చి, నాలుగేళ్లు తిరక్కుండా కంట్రోలు కుర్చీలో కూర్చుంది. మొదటి ఆరు నెలలూ భోజనం విరామంలో నా బల్ల ముందు కూర్చుని పాఠం చెప్పించుకుంది. ఆమె జీవితంలో ఒక రోజు గురించి రాస్తున్నాను. ఆ రోజు నా జీవితంలోది కూడా.

ముందు నా గురించి నాలుగు ముక్కలు చెప్పాలి, లేకపోతే విషయం తెలియదు. రెండు గదుల పల్లెటూరి బడిలో చదువుకున్నవాణ్ణి. పలక మీద లెక్కలు చేసిన చేత్తోనే ఆ కేంద్రంలో మొట్టమొదటి కంప్యూటరును మొట్టమొదటగా తెరిచాను. ముప్పై ఒక్క ఏళ్లు సర్వీసు చేశాను. డిగ్రీలున్నవాళ్లు మూడుసార్లు చేతులెత్తేసిన పనిని ఇంగ్లీషు పుస్తకం పక్కన నిఘంటువు పెట్టుకుని పూర్తిచేశాను. నలభై పంపు లైన్లను ఒకే గదిలో నుంచి నడిపే ప్రోగ్రాం నా చేతిరాత. పదకొండేళ్లు అది ఒక్కసారి కూడా తప్పు చేయలేదు. ఉత్తమ ఉద్యోగి పత్రాలు నాలుగు మా ఇంటి గోడ మీద ఉన్నాయి. గొప్పలు చెప్పుకుంటున్నాడని అనుకునేవాళ్లు అనుకోవచ్చు, ఉన్నమాటే చెప్పాను.

ఆ ప్రోగ్రాం ఎలా పనిచేస్తుందో అప్పట్లో మైకమ్మకు చెప్పినట్టే చెబుతాను. ఒక్కో లైనుకు మూడు చిన్న ప్రోగ్రాములు. ఒకటి మీటరు చదువుతుంది, ఒకటి ఆ అంకెను సరిచూస్తుంది, ఒకటి వాల్వు తిప్పుతుంది. ఈ ముగ్గురూ ఒక గుంపు. అలాంటి నలభై గుంపుల మీద ఒక పెద్ద ప్రోగ్రాం. దాన్ని మేమంతా మేస్త్రి అనేవాళ్లం. లైన్లన్నీ తమ కబుర్లు మేస్త్రికే పంపుతాయి. తెర మీద కనిపించేదంతా మేస్త్రి చూపించేదే.

ఏ ప్రోగ్రామూ సొంతంగా మరొకదాన్ని పుట్టించలేదు, ఆపలేదు. ఆపరేటింగ్ సిస్టమ్‌ను అడిగి చేయించుకోవాలి. అలా అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. ఫోర్క్ అనే కాల్‌తో మేస్త్రి ఒక పిల్లను పుట్టిస్తాడు. పుట్టిన పిల్లకు తండ్రి గుంపు నంబరే ఉంటుంది. అది సెట్‌పీజీఐడీ అనే కాల్ చేసుకుంటే వేరు కాపురం పెట్టినట్టు. అప్పటినుంచి దాని గుంపు వేరు, దానికి పుట్టేవన్నీ ఆ కొత్త గుంపులోనే. ఒక లైనును ఆపాలంటే దాని గుంపు నంబరు ముందు మైనసు గుర్తు పెట్టి కిల్ అనే కాల్‌కు ఇస్తే చాలు. ఆగమన్న కబురు గుంపులో ఉన్న అందరికీ ఒకేసారి వెళ్తుంది. ఇంటింటికీ వెళ్లి తలుపు కొట్టే పని లేదు.

నేను రిటైరైన రెండో ఏడు ఒక మధ్యాహ్నం మైకమ్మ మొగుడు సైకిలు గోడకు ఆనించను కూడా ఆనించకుండా లోపలికి వచ్చాడు. అతను దర్జీ. మెడలో టేపు అలాగే వేలాడుతోంది.

"మావయ్యా, దాన్ని ఇంటికి పంపించేశారు."

"ఏం జరిగిందల్లుడూ? ముందు కూర్చో."

"కూర్చునే టైము లేదు. పదకొండింటికి పంపులన్నీ ఆగిపోయాయట. పంతొమ్మిది నిమిషాలు. ఒక మోటారు మాత్రం ఆగక, నీళ్లు లేకుండా తిరిగి కాలిపోయింది. ఇరవై మూడు ఆపమంటే ఇది రెండు సున్నాలు నొక్కిందని ఇన్‌చార్జి రాసేశాడు. నాలుగింటికి సూపరింటెండెంటు విచారణ. అక్కడ తేలకపోతే రేపటినుంచి ఉద్యోగం లేదు. ఉద్యోగం లేకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి."

రెండు సున్నాలు నొక్కితే లైన్లన్నీ ఆగుతాయి. ఏడాదికోసారి మరమ్మతుల రోజున వాడే మీట అది. గడియారం చూశాను. పన్నెండున్నర. నిజం దాచడం దేనికి, నాకు మొదట వచ్చిన ఆలోచన పిల్ల చెయ్యి జారి ఉంటుందనే. పదకొండేళ్లు తప్పు చేయని ప్రోగ్రాం ఇవాళ ఎందుకు చేస్తుంది?

వాళ్ల క్వార్టరు పంపుహౌసు వెనక వరసలో చివరిది. ముందు గదిలో కుట్టు మిషను, కత్తిరించిన గుడ్డల కుప్ప. లోపలి గదిలో మంచం. మంచం కింద అప్పుడే బయటికి లాగిన రెండు పెట్టెలు. పెట్టెల పక్కన మైకమ్మ అత్తగారు నిలబడి ఉంది.

"వచ్చావా అన్నయ్యా! చూడు నీ శిష్యురాలి ఘనకార్యం," అంది. నేను నోరు తెరిచేలోపే కోడలి వైపు చెయ్యి చూపించి గొంతు పెంచింది. "దీని గొంతు సంగతి నీకు తెలుసు కదా. ఇరవై మూడు అని అరిచింది, పెరట్లో బట్టలారేస్తున్న నాకు వినిపించింది. రెండు సున్నాలు నొక్కాలంటే అదీ అరిచే నొక్కుతుంది. నోరు మూసుకుని పని చేయడం దీనికి పుట్టినప్పటినుంచీ రాదు!"

కోడలిని తిడుతోందో వెనకేసుకొస్తోందో తెలియలేదు. మైకమ్మ మంచం పట్టీ మీద కూర్చుని ఉంది. నేను వెళ్లి ఎదురుగా కూర్చున్నాను.

"నిజం చెప్పమ్మాయ్. చెయ్యి జారిందా?"

ఆమె నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఇప్పటికీ గుర్తుంది. "నువ్వు కూడానా బాబాయ్?" అంది. ఆమె అంత చిన్న గొంతుతో మాట్లాడడం నేను ఆ రోజే మొదటిసారి విన్నాను.

"అడగాలి కదా. మొదటినుంచి చెప్పు."

"తొమ్మిది నలభైకి ఇరవై మూడో లైను మీటరు బిగుసుకుంది. ఆపి మళ్లీ మొదలుపెట్టాను. బాగానే నడిచింది. పదకొండూ ఎనిమిదికి మళ్లీ బిగుసుకుంది. ఇరవై మూడు ఆపుతున్నానని చెప్పి నొక్కాను. తెర నల్లబడింది."

"లైన్లు ఆగాక తెర పోయిందా?"

"కాదు. ముందు తెర పోయింది. గోడ మీద లైనుకొకటి ఉండే దీపాలు అప్పటికి వెలుగుతూనే ఉన్నాయి. ఆ తర్వాత ఏడోది ఆరిపోయింది. తర్వాత ముప్పై ఒకటి, తర్వాత పన్నెండు. ఒక వరసా పాడూ లేదు. ఇరవై సెకన్లలో అన్నీ పోయాయి. నేను ఆపమన్న ఇరవై మూడు మాత్రం దాదాపు చివరిదాకా వెలుగుతూనే ఉంది. నన్ను వెక్కిరిస్తున్నట్టు."

రెండు సున్నాలు నొక్కితే మేస్త్రి ఏం చేయాలో రాసింది నేనే. ఒకటి నుంచి నలభై దాకా వరసగా గుంపులను ఆపి, అందరూ వెళ్లాక చివర్న తను వెళ్లాలి. పని దిగేటప్పుడు ఏ మేస్త్రీ కూలీలకన్నా ముందు ఇంటికి పోడు. ఇక్కడ మేస్త్రే ముందు పోయాడు. అతనికి కబురు పంపే దారి తెగిపోవడంతో ఒక్కో లైనూ తర్వాతి కబురు పంపబోయి పడిపోయింది. అందుకే ఆ వరస లేని చావులు. ఆపమన్న ఇరవై మూడుకు అసలు కబురే అందలేదు. అది మేస్త్రికే తగిలింది.

అంటే ఇరవై మూడో గుంపు నంబరు అని మేస్త్రి రాసుకున్న చోట తన సొంత గుంపు నంబరు ఉంది. తన చేత్తో తనకే ఆగమన్న కబురు పంపుకున్నాడు.

"లేమ్మాయ్, చెప్పులేసుకో," అన్నాను.

"నన్ను లోపలికి రానివ్వరు బాబాయ్."

"నాతో వస్తే రానిస్తారు."

నిజానికి నన్నూ రానివ్వలేదు. ఇన్‌చార్జి కంట్రోలు గది గుమ్మంలో అడ్డంగా నిలబడ్డాడు. కుర్రవాడు కాదు, నలభై ఏళ్లవాడు. పొద్దుట పంతొమ్మిది నిమిషాలు చెమటలు కక్కుకుని వాల్వులు చేత్తో తిప్పించిన మనిషి. అతని భయం అతనిది.

"మాస్టారూ, మీరంటే గౌరవమే. కానీ విచారణ అయ్యేదాకా ఎవరూ మిషను ముట్టుకోకూడదు. పైగా ఈ అమ్మాయిని వెంటబెట్టుకొచ్చారు."

"ముట్టుకోను. నా ప్రోగ్రాం కాగితాలు బీరువాలో ఉన్నాయి, అవి ఇవ్వు."

"మీ ప్రోగ్రాంలో తప్పుందంటారా? పదకొండేళ్లుగా లేనిది?"

ఆ మాట నేను ఇంటి దగ్గర అనుకున్నదే. అతని నోట వింటే చేదుగా ఉంది.

వరండాలో బల్ల మీద కాగితాలు పరిచాను. మైకమ్మ పక్కన నిలబడి, నేను వేలు పెట్టిన ప్రతి వరసా అలవాటు కొద్దీ పైకి చదవడం మొదలుపెట్టింది. కాపలాదారు "ఇక్కడ కూడా మొదలెట్టావా తల్లీ" అని కుర్చీ దూరంగా జరుపుకున్నాడు. రెండు గంటలు కావస్తుండగా నూట పన్నెండో వరస దగ్గర నా వేలు ఆగిపోయింది.

ఫోర్క్ అయ్యాక పిల్ల తనంతట తాను వేరు గుంపు పెట్టుకుంటుంది. ఈలోపు మేస్త్రి చిట్టాలో ఒక వరస రాసి, గెట్‌పీజీఐడీ అనే కాల్‌తో "ఈ పిల్ల గుంపు నంబరెంత?" అని అడిగి, వచ్చిన జవాబును దాచుకుంటాడు. ఆ చిట్టా రాసే వ్యవధిలో పిల్ల తన పని చేసేసుకుంటుందని నా నమ్మకం. ఒకవేళ చేసుకోకపోతే? అప్పటికి పిల్ల ఇంకా తండ్రి గుంపులోనే ఉంటుంది. జవాబుగా తండ్రి నంబరే వస్తుంది. మరు క్షణంలో పిల్ల వేరుపడినా మేస్త్రి పుస్తకంలో పాత నంబరే ఉండిపోతుంది. ఆ లైను ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. ఆపబోయినప్పుడే కొంప మునుగుతుంది.

పాత యంత్రంలో ఒక్కటే ప్రాసెసరు. అందులో ఫోర్క్ కాగానే ముందు పిల్లదే వంతు. మూడు వారాల కిందట రెండు ప్రాసెసర్ల కొత్త యంత్రం వచ్చింది. ఇందులో తండ్రీ పిల్లా పక్కపక్కనే పరిగెత్తుతారు. ఎవరు ముందో చెప్పలేం. పదకొండేళ్లు తప్పు చేయలేదని నేను చెప్పుకున్న ప్రోగ్రాంలో పదకొండేళ్లుగా తప్పు ఉంది. పాత యంత్రం దాన్ని కడుపులో పెట్టుకుంది, అంతే.

అనుమానం వేరు, రుజువు వేరు. సూపరింటెండెంటు గదిలోకి వెళ్లి మొత్తం చెప్పాను. ఆవిడ ముక్తసరి మనిషి. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"కాగితం మీద నాకు ఇవన్నీ తెలియవు మాస్టారూ. జరుగుతుందని చూపించండి. లేదంటే ఆపరేటరు పొరపాటనే రాయాలి. కానీ పంపులకు ఏమైనా అయితే?"

"చిన్న పరీక్ష ప్రోగ్రాం రాస్తానమ్మా. పిల్లను పుట్టిస్తుంది, మేస్త్రిలాగే చిట్టా రాసి నంబరు అడుగుతుంది, తప్పు వస్తే లెక్కపెడుతుంది. దేన్నీ ఆపదు. కిల్ అన్న మాటే అందులో ఉండదు."

"మూడున్నరదాకా టైము."

ఇరవై వరసల ప్రోగ్రాం. కంట్రోలు గదిలో నేను రాస్తుంటే ఇన్‌చార్జి నా భుజం మీదుగా ప్రతి అక్షరం చూశాడు, సూపరింటెండెంటు వెనక కుర్చీ వేసుకుంది. రెండు నలభైకి పదివేలసార్లు తిప్పాను. తెర మీద జవాబు వచ్చింది: సున్నా.

మళ్లీ పదివేలు. సున్నా.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది," అన్నాడు ఇన్‌చార్జి, నా వైపు చూడకుండా. మూడు దాటింది. పైగా నా మీద నాకే అసహ్యం వేసింది. నా తప్పు బయటపడలేదని మనసు మూలన ఎక్కడో చిన్న ఊరట కూడా ఉంది మరి. గుమ్మం అవతల నిలబడిన మైకమ్మను లోపలికి రావద్దన్నారు. అక్కణ్ణుంచే ఆమె గొంతు వినిపించింది.

"బాబాయ్! పొద్దున తొమ్మిది నలభైకి మిషనులో ఉన్నదంతా నకలు తీసే టేపు తిరుగుతోంది. మిషను గుర్రుగుర్రుమంటోంది, తెర కూడా నత్తలాగా కదిలింది. ఇప్పుడు మిషను ఖాళీగా ఉంది కదా!"

అవును. ఇరవై మూడు మళ్లీ పుట్టింది ఆ తొమ్మిది నలభైకే. యంత్రం ఊపిరాడక ఉన్నప్పుడే పిల్ల వంతు వెనకబడుతుంది. ఇన్‌చార్జి సూపరింటెండెంటు వైపు చూశాడు. ఆవిడ తల ఊపింది. అతనే నకలు టేపు మొదలుపెట్టాడు. మూడోసారి పదివేలు తిప్పాను. అంకె రావడానికి ఈసారి చాలాసేపు పట్టింది.

ఆరు.

పదివేలలో ఆరుసార్లు తండ్రి తన నంబరునే పిల్ల నంబరుగా రాసుకున్నాడు. ఇన్‌చార్జి మళ్లీ తిప్పమని వేలితో సైగ చేశాడు. ఈసారి తొమ్మిది.

"ప్రోగ్రాం ఎవరు రాశారని విచారణ కాగితంలో రాయాలి," అంది సూపరింటెండెంటు.

"నేనే రాశాను. తప్పు నాదే. రాసుకోండమ్మా."

"మీ సర్వీసు పుస్తకం మూసేశాం. ఇప్పుడు తెరిచి ఈ మాట ఎక్కించాలా?"

"ఎక్కించాలి."

నాలుగు క్షణాలు ఆలోచించి ఉంటే ఆ మాట అనేవాణ్ణి కాదేమో. ఆలోచించలేదు, అది మంచిదైంది.

దిద్దుబాటు చేసేసరికి మూడు యాభై. అడగడం తీసేశాను. కొత్త గుంపుకు పిల్ల నంబరే గుంపు నంబరవుతుంది. ఫోర్క్ కాగానే ఆ నంబరు మేస్త్రి చేతిలోనే ఉంటుంది. చేతిలో ఉన్నదాన్ని మళ్లీ ఊరంతా తిరిగి అడగడం దేనికి? సెట్‌పీజీఐడీ కాల్ పిల్లా చేస్తుంది, పిల్ల తరఫున తండ్రీ చేస్తాడు. ఎవరు ముందొచ్చినా గుంపు వేరుపడుతుంది, రెండోవాడి పిలుపు వృథా అయినా నష్టం లేదు. ఆపేముందు "ఇది నా సొంత గుంపు కాదు కదా" అని చూసుకునే వరస ఇంకొకటి చేర్చాను. చేతులు కాలాక పట్టుకున్న ఆకులే. అయినా పట్టుకోవాలి.

నాలుగింటికి గదిలో అందరూ చేరారు. సూపరింటెండెంటు సూటిగా చెప్పింది. "నకలు టేపు తిరుగుతుండగా ఇరవై మూడో లైనును ఇప్పుడు ఆపి చూపించాలి. మిగతా ముప్పై తొమ్మిదీ నిలబడితే ఈమె కుర్చీ ఈమెది. అన్నీ పడిపోతే ఇక నేనేమీ చేయలేను."

వాల్వుల దగ్గర మనుషులను నిలబెట్టాం. పాత మేస్త్రిని ఆపి కొత్తదాన్ని మొదలుపెట్టాం. గోడ మీద నలభై దీపాలూ ఒక్కొక్కటే వెలిగాయి. మీట నొక్కడానికి ఇన్‌చార్జి ముందుకొచ్చాడు.

"కాదు, ఆమె నొక్కాలి," అన్నాను.

మైకమ్మ కుర్చీలో కూర్చుంది, కానీ వేలు కదపలేదు. "బాబాయ్, ముందు మేస్త్రి గుంపు నంబరు చూపించు," అంది. చూపించాను. పైకి చదివింది. "ఇప్పుడు ఇరవై మూడోది." చూపించాను. అదీ చదివింది. రెండు నంబర్లూ వేరు. "ఇంకోసారి," అంది. ఇన్‌చార్జి గడియారం చూసుకున్నాడు. సూపరింటెండెంటు "చదవనివ్వండి" అంది. మైకమ్మ రెండోసారి చదివింది.

"ఇరవై మూడు ఆపుతున్నా!"

నొక్కింది.

ఇరవై మూడో దీపం ఆరిపోయింది. తెర నిలబడే ఉంది. నేను ఏడో దీపం వైపు చూస్తూ నిలబడ్డాను. ఇరవై సెకన్లు అంటే ఎంత పొడుగో ఆ రోజు తెలిసింది. ఏడు వెలుగుతోంది. ముప్పై ఒకటి వెలుగుతోంది. ఎవరో గట్టిగా ఊపిరి వదిలారు. నేనే అనుకుంటా. నిమిషం గడిచింది. ముప్పై తొమ్మిది దీపాలూ అలాగే ఉన్నాయి.

"రేపటినుంచి వచ్చేయమ్మా," అంది సూపరింటెండెంటు కళ్లజోడు పెట్టుకుంటూ.

"రేపటినుంచి దేనికండీ? నా షిఫ్టు అయిదింటిదాకా ఉంది," అంది మైకమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండా. "కానీ ఇన్‌చార్జి గారు పొద్దున కాగితం మీద రాసి నన్ను పంపించారు. తిరిగి రమ్మనడం కూడా కాగితం మీదే కావాలి."

సూపరింటెండెంటు నవ్వలేదు. కాగితం తెప్పించింది. దాని కింద సంతకం పెట్టమని ఇన్‌చార్జికే ఇచ్చింది. అతను పెట్టాడు. పెట్టి, "పొద్దున నీ మాట వినాల్సింది," అన్నాడు గొణుగుతూ.

"వినపడలేదంటే మాత్రం నమ్మనండీ," అంది మైకమ్మ.

కాగితం మడిచి పక్కన పెట్టుకుంది. తర్వాత తెర వైపు తిరిగి, వరండా అంతా దద్దరిల్లేలా, "ఇరవై మూడు మొదలుపెడుతున్నా!" అంది.